ఇంకా పుట్టని దొర పేరు పెట్టిన బల్లి

మణికొండ బాలనర్సయ్య చెప్పే కథలో ఎగిరే బల్లి సోమవారం నాడు ఒక వక్కచెట్టు మీద నుంచి పక్క చెట్టుకు దూకేది. బుధవారానికి ఆ రెండు చెట్ల మధ్య ఒక కాలువ వచ్చి చేరేది. శనివారానికి కాలువ కాస్తా నది అయ్యేది. నది మీద పడవ, పడవలో ప్రొఫెసర్ వెంకటరమణ గారు. బల్లి ఆయన బట్టతల మీద ఒక్క క్షణం దిగి, అక్కడ చీమ కనబడితే నోట కరుచుకుని, అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయేది.

"మొన్న చెప్పినప్పుడు చీమ లేదు కదా తాతా?" అని ప్రోగ్రామర్ శ్యామ్ నిలదీస్తే, బాలనర్సయ్య తడుముకునేవాడు కాదు.

"మొన్న నీకు తీరిక లేకుండె సారూ. చీమ దాంక రానే లేదు."

అది 1999వ సంవత్సరం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన భవనం మూడో అంతస్తులో ఆ కంపెనీ ఉండేది. కిటికీలోంచి చూస్తే సగం కొండ, సగం కంకర. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఈల వేసి బండలు పేల్చేవాళ్ళు. ఈల వినబడగానే లోపల ఇరవై నలుగురు అమ్మాయిలూ టైపింగ్ ఆపి, పసిపిల్లల తలలు పట్టుకున్నట్టు రెండు చేతులతో కంప్యూటర్లను పట్టుకునేవాళ్ళు. పేలుడు అయ్యాక దుమ్ము తుడవడం, జిరాక్సులు తీయడం, అందరికీ ఛాయ్ అందించడం బాలనర్సయ్య పని.

వయసు అరవై. మణికొండ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. కంపెనీలో అందరికీ తెలిసింది ఇంతే. కాని ఆయన అసలు జీవితం సీసాల మధ్య గడిచింది. 1958లో, పంతొమ్మిదో ఏట, నగరంలో ఒక కాలేజీ జంతుశాస్త్రం మ్యూజియంలో అటెండరుగా చేరాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు అదే గది. పాములు, కప్పలు, తేళ్ళు, రెండు తలల మేకపిల్ల, అన్నీ స్పిరిట్ సీసాల్లో. వాటికి చీటీలు రాయడం ఆయన వంతు. నల్లసిరాతో, సన్నటి పాళీతో, ప్రాణి పేరు, ఆ పేరు పెట్టిన మనిషి పేరు, పెట్టిన సంవత్సరం, దొరికిన ఊరు. స్పిరిట్‌కు సిరా వెలిసిపోతే మళ్ళీ రాయాలి. అలా ఒక్కో చీటీని మూడేసి నాలుగేసి సార్లు రాశాడు. ఇంగ్లీషు పేపరు ఇస్తే ఒక్క వాక్యం బోధపడని మనిషి, లాటిన్ పేర్లు మాత్రం ఊరివాళ్ళను పిలిచినంత చనువుగా పలికేవాడు.

ఆ మ్యూజియంలో ఆయన ప్రాణమంతా ఒక సీసాలో ఉండేది. 1964లో ప్రొఫెసర్ వెంకటరమణ గారి వెంట మలబారు వక్కతోటలకు వెళ్ళి పట్టుకొచ్చిన ఎగిరే బల్లి. పట్టింది ప్రొఫెసర్ గారని కాలేజీ రికార్డు. పట్టింది తానేనని బాలనర్సయ్య మాట. ఈ విషయంలో బల్లి సాక్ష్యం చెప్పే స్థితిలో లేదు.

రిటైరై ఇంట్లో రెండు నెలలు కూర్చునేసరికి పిచ్చెక్కినట్టయి, ఈ కొలువులో చేరాడు. చేరిన ఏడాదికి ఆయన బల్లులు ఆయన్ను వెతుక్కుంటూ మాదాపూర్ వచ్చాయి.

విదేశంలో ఒక పాత మ్యూజియం, తన బీరువాల్లోని ప్రాణుల పేర్ల కార్డులన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలనుకుంది. బల్లులు, కప్పలు కలిపి నలభై వేల కార్డులు. ముందు పరీక్షగా నాలుగు వందల కార్డుల నకళ్ళు పంపింది. అవి తప్పుల్లేకుండా టైపు చేస్తే మిగతావన్నీ ఈ కంపెనీకే. మేనేజరు పార్థసారథి గారు ఆ కట్ట విప్పేటప్పుడు అగరొత్తి వెలిగించాడు.

టైపింగులో అందరికంటే వేగం ఉమాశ్రీది. చందానగర్ నుంచి బస్సులో వచ్చే ఇరవై ఏళ్ళ పిల్ల. అందుకని అన్నిటికంటే పాతవి, గొలుసుకట్టు రాతలో ఉన్నవి, ఎగిరే బల్లుల కార్డులు, ఆమెకు ఇచ్చారు. ఈమధ్య కాలపు కప్పల కార్డులు మిగతావాళ్ళకు పంచారు. బాలనర్సయ్య కథలు చివరిదాకా వినే మనిషి ఆ కంపెనీలో ఉమాశ్రీ ఒక్కతే. ఆ కార్డుల మీద 'డ్రాకో' అన్న మాట చూసి ఆయన మురిసిపోయి, ఆ మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ముందు ఇంటిపేరు, ఎనక సొంత పేరు బిడ్డా. మనోళ్ళ లెక్కనే. డ్రాకో అన్నది ఇంటిపేరు. లాటిన్ల డ్రాకో అంటే రెక్కల రాకాసి. నోట్లకెళ్ళి మంటలు కక్కుతది."

"జానెడు బల్లికి అంత పేరా తాతగారూ?"

"పెట్టినోడు గూడ నా అసొంటోడే అయ్యుంటడు. అసలది ఎగరదు బిడ్డా, గాలి మీద జారుతది. పక్కటెముకలు గొడుగు కమ్మీల లెక్క బయటికి చాపుతది. వాటి నడుమ తోలు సాగుతది. గంతే."

"మరి పేరు ఎవరైనా పెట్టేయొచ్చా?"

"ఊకె పెడితే చెల్లదు. ఆ బల్లిని సీసాల పెట్టి మ్యూజియంల దాచిపెట్టాలె, రేపు ఎవరన్న అడిగితే చూపియ్యనీకి. తోక ఎంత, రెక్క మీద చుక్కలెట్లున్నయి, అంత రాసి అచ్చు వేయించాలె. అప్పుడు పేరు పక్కన పెట్టినోని పేరు, పెట్టిన ఏడు రాస్తరు. ఆ ఏడే అసలు ముచ్చట. అదే బల్లికి ఇంకొకడొచ్చి ఇంకో పేరు పెట్టిండనుకో, ఇద్దరిల ఎవరు ముందు పెడితే వాళ్ళదే నిలుస్తది. నూరేండ్ల తర్వాత తేలినా సరే."

"అయితే మీరు పట్టిన బల్లికి మీ పేరే పెట్టుకోవాల్సింది."

బాలనర్సయ్య చెవులు మూసుకున్నాడు. "మన పేరు మనం పెట్టుకోవద్దు బిడ్డా! కానూను లేదు గని, పెట్టుకున్నోన్ని చూసి లోకమంత నవ్వుతది. ఇంకొకరు పెట్టాలె."

పక్క బల్ల దగ్గర శ్యామ్ గొంతు సవరించుకున్నాడు. అతను రాసిన ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా 'శ్యామ్-2000 మీకు స్వాగతం పలుకుతోంది' అని తెర మీద ఎర్ర అక్షరాలు గంతులేసేవి. 2000 రాగానే కంప్యూటర్లు సంవత్సరాలు తెలియక తికమక పడతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. ఆ జబ్బుకు మందుగా అతను ఒక బీమా కంపెనీ కోసం దాన్ని రాశాడు. దాన్నే ఇప్పుడు బల్లులకూ వాడుతున్నారు.

నాలుగు వందల కార్డులూ వెళ్ళాయి. గురువారం నాడు ఫ్యాక్స్ వచ్చింది. కప్పలు బాగున్నాయి. ఎగిరే బల్లుల్లో మాత్రం పాత పేర్లను కొత్త పేర్లుగా, కొత్త పేర్లను పాత పేర్లుగా మార్చారు. ఒకే బల్లికి రెండు పేర్లున్న చోట చెల్లని పేరు పైకెక్కింది. ఇది అజాగ్రత్త టైపిస్టు పనిలా ఉంది. శనివారం సాయంత్రం అయిదు లోపల సరిచేసి పంపండి, లేకపోతే ఇంతటితో చాలిద్దాం.

"ఏమ్మా ఉమాశ్రీ, ఇలా చేశావేమిటమ్మా?" పార్థసారథి గారు కోప్పడేటప్పుడు కూడా నెమ్మదిగానే మాట్లాడేవాడు. అందుకే అది ఎక్కువ గుచ్చుకునేది.

"కార్డులో ఉన్నదే కొట్టానండి. ఒక్క అక్షరం మార్చలేదండి."

"మరి కప్పలకు రాని తప్పు బల్లులకే ఎందుకొచ్చిందండి, సార్?" అన్నాడు శ్యామ్. "ప్రోగ్రాం ఒక్కటే కదా. బీమా కంపెనీలో రెండు లక్షల పాలసీలు నడిచాయి. ఒక్కటి తప్పు పోలేదు."

శుక్రవారం ఆ కార్డులను ఇంకో టైపిస్టు సక్కుబాయి చేత మళ్ళీ టైపు చేయించారు. ముద్రించి చూస్తే మళ్ళీ అదే తల్లకిందులు. సక్కుబాయి గాభరా పడి, "ఉమ ఎట్ల కొట్టిందో అట్లనే కొట్టిన సార్, నాకేం తెల్వదు" అంది. ఉమాశ్రీ కాగితం చూసే కొట్టిందని అందరూ అనుకున్నారు. దాంతో నేరం ఆమె నెత్తి మీద ఇంకా గట్టిగా కూర్చుంది. సోమవారం నుంచి రానక్కర్లేదని కాగితం తయారవుతోందని శనివారం పొద్దున్నే తెలిసిపోయింది. ఆ రోడ్డులో టైపింగ్ కంపెనీలన్నిటి మేనేజర్లూ ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవాళ్ళే. తప్పులు కొట్టే పిల్ల అని ఒక్క చోట పేరు పడితే ఇంకే గుమ్మమూ తెరుచుకోదు. ఉమాశ్రీ ఏడవలేదు. బల్ల మీది తన పెన్నులు, దువ్వెన సంచిలో వేసుకుని, ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చుంది.

బాలనర్సయ్యకు ఆ పూట ఛాయ్ కాయబుద్ధి కాలేదు. అయినా పన్నెండున్నరకు ట్రే సర్దాడు. కప్పుల కింద తడి అంటకుండా చెత్తబుట్టలోని పనికిరాని కాగితాలు పరచడం ఆయన అలవాటు. ఆ రోజు బుట్టనిండా బల్లుల కాగితాలే. ఒక కాగితం పరిచాడు, కప్పు పెట్టబోయాడు, ఆగాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

డ్రాకో వోలన్స్, లిన్నేయస్, 1958.

"ఓరి నీ!" అన్నాడు బాలనర్సయ్య.

కింద వరుసలో ఇంకొకటి. రెక్క మీద అయిదు పట్టీలుండే డ్రాకో క్వింక్వెఫాసియాటస్. పేరు పెట్టిన వాళ్ళు హార్డ్‌విక్, గ్రే. సంవత్సరం, 2027.

ఆయన ట్రేను అక్కడే వదిలేసి కాగితంతో మేనేజరు గదిలోకి నడిచాడు. తలుపు తట్టకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. శ్యామ్ అక్కడే ఉన్నాడు.

"సార్, తప్పు పిల్లది కాదు. మిషన్‌ది."

శ్యామ్ నవ్వాడు. "తాతా, ఇవాళ బల్లి ఎక్కడ దిగింది? సార్ తల మీదేనా?"

"జర ఆగు సారూ. నేను మ్యూజియంల చేరింది యాభై ఎనిమిదిల. లిన్నేయస్ దొర అదే ఏడు బల్లికి పేరు పెడితే, నాతోని ఛాయ్ తెప్పించుకోకుండ పెడతడా? ఆయన పెట్టింది పదిహేడు వందల యాభై ఎనిమిదిల. ఇగ ఈ గ్రే దొరను చూడు. ఈయన పేరు పెట్టనీకి ఇంక ఇరవై ఎనిమిదేండ్లున్నది. పుట్టిండో లేదో గూడ తెల్వదు!"

పార్థసారథి గారు కాగితం అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "శ్యామ్ గారూ, ఇదేమిటండి, 2027 అని ఉంది?"

"అది... మెచ్యూరిటీ డేట్ కదండి, సార్," అన్నాడు శ్యామ్, గొంతు కొంచెం తగ్గించి. "బీమాలో పాలసీ పండే సంవత్సరం. నేను ఆ గడి అదే అనుకున్నానండి."

"బల్లి పండుతదా సారూ?" అన్నాడు బాలనర్సయ్య.

మేనేజరు ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు. మూడు రోజుల కింద ఇదే మనిషి, బల్లి ప్రొఫెసర్ గారి తల మీద చీమను తిన్నదని చెప్పాడు మరి. బాలనర్సయ్యకు ఆ చూపు అర్థమైంది. తన కథలు ఇవాళ ఉమాశ్రీకి అడ్డం నిలబడ్డాయని మొదటిసారి తెలిసొచ్చింది.

"నా మాట నమ్మొద్దు సార్. మిషన్‌నే అడుగుండ్రి. మా అమ్మ రుక్కమ్మ పెద్ద జ్వరాల ఏడు పుట్టింది. ఆ ఏడు పంతొమ్మిది వందల పద్దెనిమిది అని మా ప్రొఫెసర్ సాబ్ లెక్క కట్టి చెప్పిండు. మా అమ్మ పేరు కొట్టుండ్రి, ఏడు కొట్టుండ్రి."

అందరూ శ్యామ్ బల్ల చుట్టూ మూగారు. ఎర్ర అక్షరాలు గంతులేసి స్వాగతం పలికాయి. శ్యామ్ పేరు కొట్టాడు. సంవత్సరానికి అక్కడ రెండే గళ్ళు. ఒకటి, ఎనిమిది. మీట నొక్కాడు.

రుక్కమ్మ. 2018.

సరిగ్గా అప్పుడే బయట ఈల వేశారు. ఈసారి ఎవరూ కంప్యూటర్లను పట్టుకోలేదు. కొండ దద్దరిల్లింది, కిటికీలు గలగలమన్నాయి, ఆ చప్పుడులోంచి బాలనర్సయ్య గొంతు పైకి లేచింది.

"చూసిండ్రా! నాకు అరవై ఏండ్లు. మా అమ్మ పుట్టనీకి ఇంక పంతొమ్మిదేండ్లున్నది!"

నవ్వుల మధ్య సంగతి విడిపోయింది. గళ్ళు రెండే కాబట్టి అమ్మాయిలు చివరి రెండంకెలే కొట్టారు. ముప్ఫై దాటితే ముందు పంతొమ్మిది, ముప్ఫైలోపు ఉంటే ముందు ఇరవై తగిలించడం శ్యామ్-2000 పని. బీమా మనుషులకు అది సరిపోయింది. కప్పల పేర్లు మొన్న మొన్నటివి కాబట్టి వాటికీ సరిపోయింది. పదిహేడు వందల్లో, పద్దెనిమిది వందల్లో పేరు పడ్డ బల్లుల దగ్గరే బోల్తా కొట్టింది.

శ్యామ్ చెవులు ఎర్రబడ్డాయి. కాని మంచి పిల్లవాడు. లేచి నేరుగా ఉమాశ్రీ దగ్గరకు వెళ్ళాడు. "సారీ అండి. మీరు కొట్టింది కరెక్టే. నాకు ఒక్క అరగంట ఇవ్వండి, నాలుగు గళ్ళు పెట్టేస్తాను."

ఉమాశ్రీ సంచిలోంచి తన పెన్నులు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టుకుంది. దువ్వెన కూడా.

రెండు గంటలకు గళ్ళు నాలుగయ్యాయి. బల్లుల కార్డులు ఇరవై నలుగురూ పంచుకున్నారు. బాలనర్సయ్య చేతులు వెనక్కి కట్టుకుని వరుసల మధ్య తిరిగాడు. ఎవరికి రాత అర్థం కాకపోయినా వంగి చూసి, "పద్దెనిమిది వందల నలభై అయిదు, కొట్టు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఆ టైపింగ్ చప్పుడుకు బయట కంకర కొట్టేవాళ్ళు వాన వచ్చిందనుకుని సామాను సర్దుకున్నారని మణికొండలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు పుట్టించారో అడగనక్కర్లేదు.

నాలుగుంబావుకు చివరి కట్టలో ఉమాశ్రీ ఆగిపోయింది.

"తాతగారూ, ఇది మన మలబారు బల్లి కదా. డ్రాకో డుస్సుమియేరి. 1873 అని ఉంది, కొట్టేయనా?"

బాలనర్సయ్య కార్డు చూశాడు. "గిదేంది? ముప్ఫై ఏడు గదా. పద్దెనిమిది వందల ముప్ఫై ఏడు. డుస్సుమియేర్ అనే ఫ్రెంచి వ్యాపారి ఓడల మీద తిరిగి పోగుచేసి పంపితే, ప్యారిస్‌ల ఇద్దరు పండితులు ఆయన మర్యాదకు ఆ పేరు పెట్టిండ్రు. ఈ చీటీ నేను నాలుగుసార్లు రాసిన బిడ్డా. వీళ్ళ కార్డు రాసినోడు అంకెలు అటిటు చేసిండు."

పార్థసారథి గారికి చెమట పట్టింది. "వద్దండి బాబూ! తప్పు చేశారని మనల్ని తిట్టిన వాళ్ళకు, మీదే తప్పని మనం రాయడమా? ఉన్నదున్నట్టు పంపేద్దాం."

"ఉన్నదున్నట్టే కొడదాం సార్. కింద ఒక ముక్క రాద్దాం, ఆ పేరు అచ్చయిన పాత పుస్తకం తీసి చూసుకోండ్రి అని."

"నువ్వు చెప్పిన మాట తప్పయితే నర్సయ్యా?"

ఆయన నది, పడవ, చీమ అందరికీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఉమాశ్రీ ఆయన ముఖంలోకి చూసింది.

"తాతగారూ, నిజం చెప్పండి. చీమ నిజమేనా?"

"చీమ అబద్ధం," అన్నాడు బాలనర్సయ్య. జీవితంలో ఆ మాట ఒప్పుకోవడం అదొక్కసారే. "పడవ గూడ అబద్ధం. ముప్ఫై ఏడు నిజం."

"అయితే రాస్తానండి, సార్," అంది ఉమాశ్రీ మేనేజరుతో. "టైపు చేసిన మనిషిగా నా పేరే కింద పెడతాను. తప్పయితే సోమవారం నేనే రాను."

ఆమె రాసింది. నాలుగూ నలభైకి టెలిఫోన్ లైను కలిపి పంపబోతే తెగిపోయింది. మళ్ళీ కలిపారు, మళ్ళీ తెగింది. మూడోసారి నీలం గీత కుంటుకుంటూ తెర ఆ చివరకు చేరేసరికి అయిదుకు నాలుగు నిమిషాలు. ఆ రోజు ఆ ఆఫీసులో ఎవరూ ఛాయ్ తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం బాలనర్సయ్య మణికొండలో ఎవరికీ ఏ కథా చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు జ్వరమేమోనని నుదురు తాకి చూశారు.

సోమవారం ఉమాశ్రీ అందరికంటే ముందు వచ్చింది. బాలనర్సయ్య ఆమె కంటే ముందు వచ్చాడు. తొమ్మిదిన్నరకు పార్థసారథి గారు కాగితం పట్టుకుని గదిలోంచి బయటకు వచ్చి, హాలు మధ్యలో నిలబడి చదివాడు. ఇంగ్లీషు వాక్యం చదివి, తెలుగులో చెప్పి, మళ్ళీ ఇంగ్లీషులో చదివాడు. ఆ సంతోషం ఆయనకు ఒక్క భాషలో చాలలేదు.

కార్డులన్నీ సరిగ్గా ఉన్నాయి. మిగిలిన ముప్ఫై తొమ్మిది వేల ఆరు వందలూ ఈ వారమే బయలుదేరుతాయి. ఇక ఉమాశ్రీ రాసిన ముక్క చూసి, మ్యూజియంలో పాత పుస్తకం తీశారు. 1837 సరైనది. తమ కార్డు ఎన్నో ఏళ్ళుగా తప్పు చెబుతోంది, ఇన్నేళ్ళలో ఎవరూ గమనించలేదు. మీ దగ్గర ఈ పేర్లు తెలిసిన పండితుడు ఎవరో ఉన్నారు, వారికి మా నమస్కారాలు. మిగతా కార్డులు కూడా వారి కంటితో ఒకసారి చూసి పంపగలరా?

పండితుడు అప్పుడు తుడుపుగుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. అమ్మాయిలు చేసిన గోలకు కింది అంతస్తు వాళ్ళు పైకి పరిగెత్తుకొచ్చారు. సక్కుబాయి ఈల వేసింది, బండలు పేల్చేవాడి కంటే గట్టిగా. పార్థసారథి గారు తన గదిలోని తిరిగే కుర్చీని స్వయంగా నెట్టుకొచ్చి ఉమాశ్రీ పక్కన వేశాడు.

"కూర్చోండి బాలనర్సయ్య గారూ. ఇక నుంచి మీ చోటు ఇదేనండి. బల్లుల బృందానికి ఉమాశ్రీ పెద్ద, పేర్లకు మీరు పెద్ద."

"మరి ఛాయ్ ఎవరు పోస్తరు సార్?"

"నేను పోస్తాను తాతా," అన్నాడు శ్యామ్. "ముందు ఇది చూడండి."

అతను మీట నొక్కాడు. ఎర్ర అక్షరాలు గంతులేస్తూ వచ్చాయి. శ్యామ్-2000 లేదు. 'నర్సయ్య-1837 మీకు స్వాగతం పలుకుతోంది.'

బాలనర్సయ్య కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. తర్వాత ఇరవై నలుగురి వైపూ తిరిగి వేలెత్తి చూపించాడు.

"అందరు చూసిండ్రు గద? నేను పెట్టుకోలే!"

శ్యామ్ తెచ్చిన ఛాయ్‌లో చక్కెర ఎక్కువైంది. అయినా కుర్చీలో వెనక్కి వాలి చివరి చుక్క దాకా తాగి, ఆయన గొంతు సవరించుకున్నాడు. రెండు రోజులుగా ఆగిన బల్లి ఈసారి సముద్రం అవతల మ్యూజియం సీసా మూత తోసుకుని బయటపడింది. ఓడ తెరచాపల మీద నుంచి తెరచాపల మీదికి జారుతూ వచ్చి, మాదాపూర్ కొండ మీద పేలుడు గాలికి ఇంకాస్త పైకి లేచి, మూడో అంతస్తు కిటికీలోంచి దూరి, ఉమాశ్రీ తెర అంచు మీద వాలింది. తన ఏడు సరిగ్గా పడిందో లేదో తలవంచి చదువుకుంది.

"మరి చీమ తాతా?" అన్నాడు శ్యామ్, ఖాళీ కప్పు అందుకుంటూ.

"వస్తది సారూ," అన్నాడు బాలనర్సయ్య. "చక్కెర గింత ఎక్కువేసినవు. రాకుండ ఎటు పోతది?"